షొట్నూరు కాదు, పొట్నూరు: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా ముత్తాత అసలు ఏ ఊరివాడో తెలుసుకుందామని రెండేళ్లుగా తిరుగుతున్నాను. ఇంట్లో మిగిలిన ఆధారం ఒక్క ఇత్తడి బిందె. అంచు కింద చుక్కలు చుక్కలుగా 'పొట్నూరు వారిది' అని తెలుగులో కొట్టించి ఉంది. చింతపండుతో తోమీ తోమీ 'రు' దాదాపు అరిగిపోయింది. నాన్న పట్టాలో మాత్రం ఇంటిపేరు 'షొట్నూరు'. ఒడియాలో ప, ష చూపుకి దగ్గరే లెండి, రాసినాయన్ని తిట్టను.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మాది మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. ఒక ఆఫీసులో అప్పటి కాగితాల కట్ట అడిగితే, "తెలుగు చదివేవాళ్లు లేరు, చెన్నై వెళ్లండి" అన్నారు. ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్ ఉన్న మాట నిజమే. కానీ అక్కడ వెతకాలన్నా ముందు ఊరి పేరు చెప్పాలి కదా. నాకు తెలియనిదే అది!

నేను చదువుతాను సార్. జీతం వద్దు. వారానికి ఒక పూట ఆ కట్టలు విప్పనివ్వండి, పేర్లన్నీ తెలుగు, ఒడియా రెండు లిపుల్లోనూ రాసిపెడతాను. వచ్చేటప్పుడు బిందె కూడా తెస్తాను, చూద్దురుగాని.

ఇట్లు,
పర్లాకిమిడి వాసి