పొరుగు భాషకూ పాఠంలో చోటివ్వాలి

సంపాదకులకు,

ఆర్యా,

మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పినప్పుడు, దక్షిణాది భాషలు ఒకే ఆవరణలో పక్కపక్కన చదువుకునే చోటు దొరికిందని, తుళు వంటి భాషకూ నీడ దొరుకుతుందని మా బోటివాళ్లం ఎంతో సంతోషించాం. అయితే ఒక శాఖ విద్యార్థి పక్క శాఖ గడప తొక్కకుండానే పట్టా పుచ్చుకోగలిగితే, ఇన్ని భాషలు ఒకచోట ఉండి ప్రయోజనం ఏమిటి?

మా ప్రాంతంలో పూలమ్మే ఆమె మూర ధర ఒకరికి తెలుగులో, మరొకరికి తమిళంలో చెప్పి, కోలారు వైపు నుంచి వచ్చినవారితో కన్నడంలో బేరమాడుతుంది. బడి మెట్లెక్కకుండానే ఆమెకు అబ్బిన ఈ విద్య, ఆమె కూతురు కళాశాలలో చేరిన రోజున ఏ లెక్కలోకీ రాకపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది.

హైదరాబాదు సంస్థానం ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమంలో పాఠాలు మొదలుకాకముందే, 1917లోనే అనువాద విభాగాన్ని ఏర్పరచి పాఠ్యగ్రంథాలను సిద్ధం చేయించింది. (ప్రజల్లో అత్యధికులు మాట్లాడే తెలుగుకు, మరాఠీకి, కన్నడానికి ఆ గౌరవం దక్కకపోవడం అన్యాయమే.) కుప్పంలోనూ ముందుగా అలాంటి సన్నాహం జరగాలి. ప్రతి పీజీ విద్యార్థీ ఒక పొరుగు భాషను చదివి రాయగలిగేంతగా నేర్చుకునేలా, అందుకు క్రెడిట్లు దక్కేలా పాఠ్యప్రణాళికను సవరించాలని అధికారులను కోరుతున్నాను. తెలుగు, కన్నడ లిపులు ఎంత దగ్గరివంటే, శ్రద్ధ ఉన్న విద్యార్థికి కొద్ది వారాల్లోనే అక్షరాలు పట్టుబడతాయి. కాబట్టి వచ్చే విద్యా సంవత్సరం ఈ రెండింటితోనే ప్రారంభించవచ్చు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
చిత్తూరు జిల్లా