చిట్టిమామ మేడ మీద రెండు సీలింగులు

బరంపురం,
జూన్ 9

ఒరేయ్ సూరీ,

తిట్టాల్సినవన్నీ ముందే తిట్టేసి అప్పుడు చదువు. నీ రెండు ఉత్తరాలూ సొరుగు తీసినప్పుడల్లా నా మొహం వంకే చూస్తున్నాయి. సారీరా. అమ్మ మోకాలు కాస్త నయం, మెట్లు మాత్రం ఎక్కొద్దన్నారు. పాప ప్లస్ టూ గట్టెక్కింది. మీ చెల్లెలు నిన్ను అడిగానని రాయమంది, రాశాను. వాన జాడ లేదు, ఉక్కతో చస్తున్నాం. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతికి వస్తా. ఫోన్‌లో చెప్పొచ్చు గానీ నువ్వు సగంలోనే నవ్వడం మొదలుపెడతావు, నేను మిగతాది మర్చిపోతాను.

చిట్టిమామ గుర్తున్నాడా? అదే, "అది తర్వాత చూద్దాం" చిట్టిమామ. ఆయన మేడ పగలగొట్టే పని నా మెడకు చుట్టుకుంది. కంగారు పడకు, మేడంతా కాదు. గిరి రోడ్ దగ్గర కింద పట్టుచీరల షాపు ఉంది చూడు, దాని పై అంతస్తు. బంగారం మీద అప్పులిచ్చే కంపెనీ ఒకటి అక్కడ ఏళ్ల తరబడి ఉండి ఈమధ్యే ఖాళీ చేసింది. పేరు రాయను, నీ ఉత్తరాలు మీ ఆవిడ కూడా చదువుతుంది కదా, ఆవిడ గాజులు ఏ కంపెనీలో ఉన్నాయో నాకేం తెలుసు!

అగ్రిమెంటులో ఒక ముక్క ఉంది. "తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి" అని. అంటే లోపల వాళ్లు కట్టుకున్నవి వాళ్లే తీసేయాలి, లేకపోతే ఆ ఖర్చు అడ్వాన్సులో కోత. అడ్వాన్సు ఆరు లక్షలు మామ దగ్గరే ఉంది. కంపెనీ వాళ్లు ఒక కాగితం పంపారు. దాని మీద ఒకటే లైను: లోపలి కూల్చివేత, మొత్తం 45,000. కొలత లేదు, లెక్క లేదు. మామ నన్ను పిలిచి ఏమన్నాడో తెలుసా?

"ఒరేయ్, రెండు ఎస్టిమేట్లు వెయ్యి. ఒకటి ఆరు లక్షలకి, వాళ్లకి చూపించడానికి. ఇంకొకటి అరవై వేలకి, నీకు ఇవ్వడానికి."

"మామా, నా దగ్గర టేపు ఒక్కటే ఉంది" అన్నాను.

"అది తర్వాత చూద్దాం" అన్నాడు.

సరే, టేపు పట్టుకుని ఎక్కాను. హాలు సుమారు 2,000 చదరపుటడుగులు. మొదట పైన చూడాలి కదా, కూల్చే పనిలో కరెంటు వైర్లే యముళ్లు. నిచ్చెన వేసి గ్రిడ్ సీలింగులో, అదే చట్రంలో పలకలు పేర్చిన సీలింగులో, ఒక పలక పక్కకి జరిపి టార్చి కొట్టాను. వైర్లు కాదురా, పైన ఇంకో సీలింగు! ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ది, మధ్యలో పెద్ద పువ్వు, రేకుల మీద అర అంగుళం దుమ్ము, ఫ్యాను హుక్కుకి పిచ్చుక గూడు. ఆ రెండు సీలింగుల మధ్య నుంచి కింద షాపు వాడి కరెంటు లైను ఒకటి దర్జాగా పోతోంది. టెస్టర్ పెడితే వెలిగింది. మెయిన్ ఆఫ్ చేశామన్న ధీమాతో కట్టర్ పెట్టి ఉంటే ఏమయ్యేదో నువ్వే ఊహించుకో. కంపెనీ మీటరు వేరు, ఆ లైను మీటరు వేరు. అందుకే ఎస్టిమేట్‌లో ఎలక్ట్రీషియన్ పద్దు మొదట రాశాను, మామకి అది చూసి ఒళ్లు మండింది.

తర్వాత నేల. కార్పెట్ పలక ఒకటి బ్లేడుతో లేపితే కింద విట్రిఫైడ్ టైల్. గుమ్మం దగ్గర మూల ఉలితో కొంచెం చెక్కితే టైలు, దాని కింద రెండంగుళాల సిమెంటు మాలు, దాని కింద మన చిన్నప్పటి మొజాయిక్, నల్ల చుక్కలూ తెల్ల చుక్కలూ. సంగతి అర్థమైంది కదా. కంపెనీకి ముందు అక్కడ కోచింగ్ సెంటర్ ఉండేది. నీకు తెలుసులే, ఎవరి కోసం నువ్వు ఆ మెట్ల కింద సైకిల్ పంపు పట్టుకుని నిలబడేవాడివో నేను రాయను. ఆ కోచింగ్ వాళ్లు మొజాయిక్ మీద టైల్స్ వేశారు, స్లాబు కింద పువ్వు సీలింగు పెట్టారు, ఇటుక గోడలు కట్టారు. కంపెనీ వాళ్లు వాటి జోలికి పోకుండా టైల్స్ పైన కార్పెట్, పువ్వు కింద గ్రిడ్, మధ్యలో గాజు క్యాబిన్లు పెట్టారు. ఒక మూల బంగారం దాచే స్ట్రాంగ్ రూమ్. అది ఇటుక కాదు, ఇనుప ఊచలు దట్టంగా పెట్టి పోసిన కాంక్రీటు. ఎనిమిదడుగుల గది, ఆరంగుళాల గోడ.

ఇప్పుడు లెక్క విను, నిజం లెక్క. టైలూ మాలూ కలిపి చదరపు మీటరుకి 120 కిలోలు పడుతుంది. హాలంతా తీస్తే 22 టన్నులు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడకి రెండు వైపులా ప్లాస్టరింగు కలిపితే చదరపుటడుగుకి 25 కిలోలు, అవి ఒక 9 టన్నులు. స్ట్రాంగ్ రూమ్ ఒక్కటే 10. మొత్తం 41 టన్నులు మేడ మీద నుంచి కిందకి దిగాలి. లిఫ్టు లేదు. తట్టకి 25 కిలోలు వేసుకుంటే 1,600 పైచిలుకు తట్టలు, ప్రతి తట్టా 22 మెట్లు దిగాలి. పగిలాక ఆ సామాను ఒద్దికగా ఉండదు కదా, గోడగా ఉన్నప్పటికంటే ఒకటిన్నర రెట్లు ఉబ్బుతుంది. ట్రాక్టరుకి 100 ఘనపుటడుగులు వేస్తే, సీలింగు చెత్త కూడా కలిపి 14 ట్రాక్టర్లు. పగలగొట్టడానికి అయ్యే కూలి కంటే దించి, ఎక్కించి, పారబోయడానికి అయ్యేదే ఎక్కువ. జనం సుత్తి దెబ్బలకి రేటు అడుగుతారు, మెట్లకి ఎవరూ అడగరు.

మామ బావమరిది రిటైర్డ్ ఇంజనీరు. ఆయన సీపీడబ్ల్యూడీ, అదే కేంద్ర ప్రజా పనుల శాఖ, రేట్ల పుస్తకం పట్టుకొచ్చి "క్యూబిక్ మీటరుకి ఇంతే ఉంది, నువ్వు దోచుకుంటున్నావు" అని నా మీద పడ్డాడు. నేను అదే పేజీ ఆయనకే చదివి వినిపించాను: పనికిరాని సామాను 50 మీటర్ల లోపు పారబోయడానికే ఆ రేటు. "50 మీటర్ల లోపు అంటే ఎదురుగా ఉన్న మిఠాయి షాపులో పోద్దామా అండీ" అన్నాను. లీడు (మోసే దూరం), లిఫ్టు (మోసే ఎత్తు) అని జీవితమంతా బిల్లులు రాసిన మనిషి, ఇంటి వ్యవహారం వచ్చేసరికి రెండూ మర్చిపోయాడు.

ఇక కింద షాపు. ఆయనది న్యాయమైన ఏడుపు. ఒక్కో చీర వేలల్లో ఉంటుంది, పైనుంచి దుమ్ము రాలితే ఎవరు కట్టుకుంటారు? "రాత్రి షాపు కట్టేశాక కొట్టుకోండి" అన్నాడు. ఆయన కట్టేది తొమ్మిదింటికి. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా మోత చేయకూడదని శబ్ద కాలుష్యం రూల్స్, అవి 2000లోనే వచ్చాయి. పైగా వెనక వాటాలో ఇళ్లున్నాయి. ఇంక నాకు మిగిలింది గంట. గంటలో బ్రేకర్ మెషిన్‌కి వైరు చుట్టడమే సరిపోతుంది. చివరికి కుదిరిందేంటంటే, షాపు సెలవు రోజున మోత పని, మిగతా రోజుల్లో రాత్రిళ్లు తట్టలు దించడం. రాత్రి కూలి వేరు కదా, అదో పద్దు. స్ట్రాంగ్ రూమ్ ఊచలు గ్యాస్ కట్టర్‌తో కోస్తే ఎగిరే నిప్పురవ్వలు... పట్టుచీరల నెత్తిన! గ్రైండరూ అంతే. కాబట్టి చేత్తో తిప్పే కట్టర్‌తోనే ఒక్కో ఊచా తెంపాలి. ఈ ఒక్క ముక్కకే నా ఎస్టిమేట్‌లో అరపేజీ పట్టింది.

మధ్యలో ఇంకొకడు వచ్చాడురోయ్, కబాడీ ఆయన. "పైసా వద్దు, ఊరికే కూలుస్తా, స్క్రాపు నాది" అన్నాడు. మామ కళ్లు మెరిశాయి. స్క్రాపు అంటే అల్యూమినియం సెక్షన్లు, రాగి వైర్లు, గాజు, ప్లైవుడ్. అవన్నీ మొదటి రెండ్రోజుల్లో దిగిపోతాయి. మూడో రోజు నుంచి మిగిలేది 41 టన్నుల మట్టి, దానికి కిలోకి పైసా రాదు. ఆ రోజు నుంచి ఆయన ఫోన్ ఎత్తుతాడా? మొండివాడు కాదులే, తెలివైనవాడు. ఆయన్ని తప్పు పట్టను. "మామా, స్క్రాపు తూకానికి అమ్ముకో, ఆ డబ్బు ఎస్టిమేట్‌లో తగ్గించి రాస్తాను, రెండూ కలపకు" అన్నాను. "అది తర్వాత..." సరే, నీకు తెలుసు.

అసలు సీను మొన్న ఆదివారం. మామ ఇంట్లో పంచాయితీ. కంపెనీ తరఫున కటక్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ప్రతి మాటకీ ఒడియాలో "ఆజ్ఞా, ఆజ్ఞా" (మన "అండీ" లాగా) అంటూనే ఒక్క రూపాయి వదలడు. మామ వాదన: "మీకిచ్చినప్పుడు ఖాళీ హాలు, మొజాయిక్ నేల, సున్నం గోడలు. టైల్స్, గోడలు, రెండు సీలింగులు, అన్నీ మీవే." కుర్రాడి వాదన: "కార్పెట్, గ్రిడ్, గాజు, ఆ గది, అంతే మావి." అప్పగించిన రోజు ఫోటోలు ఎవరి దగ్గరా లేవు. అగ్రిమెంటుకి జత చేసిన జాబితా కూడా లేదు. నేను నా కాగితం పొరలవారీగా రాసుకుని కూర్చున్నాను. ఏ పొర ఎవరి నెత్తిన పడితే ఎంత, అని పక్కనే అంకెలున్నాయి. మొత్తం రెండు లక్షల చిల్లర, ఆ పైన 18 శాతం జీఎస్టీ. మామ నా వైపు చూపులు విసురుతున్నాడు, టైల్స్ అంకె కుర్రాడి వైపు జరపమని. నేను ఫ్యాను వైపు చూస్తున్నా. నవ్వకు.

అప్పుడు అత్తయ్య టీ తెచ్చింది. టీ పెట్టి, కుర్రాణ్ణి చూసి, "బాబూ మీది ఆ బంగారం ఆఫీసే కదూ, మీ ఓపెనింగు రోజు పూజ ఎంత బాగా చేశారో" అని లోపలికి వెళ్లి గోడ మీది ఫ్రేము తీసుకొచ్చి ఆ కుర్రాడి చేతిలో పెట్టింది. పాపం, ఆవిడకి ఏం తెలుసు! ఫోటోలో చిట్టిమామ పట్టుపంచె కట్టుకుని కొబ్బరికాయ కొడుతున్నాడు. కాయ కొడుతున్నది విట్రిఫైడ్ టైల్ మీద. వెనక ఇటుక గోడ మీద ఇంకా కోచింగ్ వాళ్ల టైమ్ టేబుల్ వేలాడుతోంది. నెత్తి మీద, నడిమధ్యలో, ఆ పువ్వు.

గది మొత్తం నిశ్శబ్దం. కుర్రాడు "ఆజ్ఞా, ఒక్క ఫోటో తీసుకుంటా" అని ఫోన్ తీశాడు. అత్తయ్య "తీసుకో నాయనా, మావారు బాగా పడ్డారు కదూ" అంది. నేను టీ ముక్కులోకి పోయి దగ్గుతూ వరండాలోకి వచ్చేశాను. గోపాల్‌పూర్ గొడుగు తర్వాత నేను అంత నవ్వింది ఇదేరా.

తిరిగి లోపలికి వచ్చేసరికి మామ వేరే పాట ఎత్తుకున్నాడు. "అయితే టైల్స్ తియ్యొద్దు. కొత్తగా వచ్చేవాళ్లు వాటి మీదే వేసుకుంటారు." వచ్చేది రక్త పరీక్షల ల్యాబ్, బరువైన మిషన్లు పెడతారు. ఇక్కడ నాకు నిజంగానే కోపం వచ్చింది. ఆఫీసు స్లాబు మీద మనం లెక్కలోకి తీసుకునే లైవ్ లోడు, అంటే మనుషులూ సామానూ మోపే బరువు, చదరపు మీటరుకి 250 నుంచి 400 కిలోలు. మొజాయిక్ మీద టైల్స్ పొర 120. దాని మీద ఇంకో 120 వేస్తే మనుషులకీ మిషన్లకీ ఏం మిగిలింది? నేను నోరు తెరిచేలోపే బావమరిది గారు అందుకున్నారు. "బావా, కుదరదు. తీసే తీరాలి. తీసినా అక్కడే కుప్ప పోయనివ్వకు. అడుగెత్తు కుప్ప పోస్తే చదరపు మీటరుకి నాలుగొందల కిలోలు, స్లాబు దిగజారుతుంది. ఏ రోజుది ఆ రోజు దించాలి" అన్నారు. వారం రోజులుగా నన్ను దొంగ అన్న మనిషి! లేచి దండం పెట్టాలనిపించింది.

తేలిందేంటంటే, స్ట్రాంగ్ రూమ్, గ్రిడ్, గాజు, కార్పెట్, వాటిని దించే కూలీ కంపెనీవి. టైల్స్, ఇటుక గోడలు, పువ్వు సీలింగు మామవి. కంపెనీ వాటా లక్షకి కాస్త తక్కువ. మామ మిగతాది కట్టాలి, ఆ సంగతి ఆయనకి ఇంకా పూర్తిగా ఎక్కినట్టు లేదు. చెరువు గట్టున పారబోసెయ్, ట్రాక్టరు డబ్బులు మిగులుతాయన్నాడు. కూల్చిన చెత్త మీద 2016లో వచ్చిన రూల్స్‌లో రోజుకి 20 టన్నులో, నెలకి 300 టన్నులో దాటితే ముందుగా ప్లాన్ ఇవ్వాలని ఉండేది. మనది అంత లేదు గానీ, చెరువులోనో కాలవలోనో పోస్తే చిన్న పనైనా తప్పే. ఇటుక ముక్కలు పునాది నింపుకోవడానికి అడిగేవాళ్లు ఉన్నారు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అందులో కలవకుండా వేరుగా కట్టించాలి, ఆ మాట మేస్త్రికి చెప్పి చెప్పి...

కూలీల గొడవ ఇంకోటి. మన గంజాం జిల్లా కుర్రాళ్లంతా సూరత్ మగ్గాల దగ్గరే, ఉన్నవాళ్లు ఒడియా వాళ్ల రజ పండగకి మూడు రోజులు పని ముట్టరు. పండగ ఇంకా వారం లేదు. ల్యాబ్ వాళ్లు జూలై ఒకటిన తాళాలు అడుగుతున్నారు. ఊచలు చేత్తో తెంపితే ఎన్ని రాత్రిళ్లు పడుతుందో లెక్క వేద్దామని కూర్చుని, నీకు ఉత్తరం రాస్తున్నా.

కింద ట్రాక్టరు ఆయన హారన్ మోగిస్తున్నాడు, షాపు ఆయన షట్టర్ సగం దించాడు, నేను లేవకపోతే వాళ్లిద్దరూ కొట్టుకునేలా ఉన్నారు. చిట్టిమామ నిన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ఆ ఫ్రేము గురించి ఒక మాట అన్నాడు, అది చెప్పకుండా... సరే, వెళ్తున్నా. వెంటనే జవాబు రాయి, నాలా చెయ్యకు.

నీ
బుజ్జి