కాలు తీయడానికి కార్డు ఉంది, కట్టు కట్టడానికి లేదా మంత్రి గారూ?

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. షుగర్ ఉన్నోళ్ల కాలి పుండ్లకు ఊరి దవాఖానలోనే కట్టు కట్టించమని ఇదివరకే అర్జీలు ఇచ్చాం. రసీదులు ఉన్నాయి. ప్రతి దాని మీదా ‘సంబంధిత అధికారికి పంపడమైనది’ అని రాసి ఉంది. ఆ సంబంధిత అధికారి ఎవరో, ఎక్కడ కూర్చుంటారో ఇప్పటిదాకా మాకు అంతు చిక్కలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. కోపంలో ఒక మాట ఎక్కువైతే సర్దుకోండి. మాకైతే సర్దుకోవడం ఎప్పుడో అలవాటైపోయింది.

మాది నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు ఒక పల్లె. మా అమ్మకు చాలా ఏళ్లుగా షుగర్. పీకేసిన పత్తి చేలో నడుస్తుంటే ఒక మోడు రబ్బరు చెప్పును చీల్చుకుని అరికాల్లో దిగింది. ఆ సంగతి అమ్మకు తెలియనే లేదు. ఇంటికొచ్చాక గడప మీద నెత్తురు మరకలు చూసి మా ఆవిడ అడిగితే, ‘ఎవరిదే ఆ రక్తం’ అని అమ్మే తిరిగి అడిగింది. చెప్పు విప్పితే పుల్ల ముక్క ఇంకా కాల్లోనే ఉంది. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువుంటే కాళ్లలో నరాలు మొద్దుబారతాయని, నొప్పి తెలియదని, రక్తం కూడా సరిగా అందక పుండు మానదని తర్వాత డాక్టరు చెప్పారు. మరి ఇన్నేళ్లుగా నెలనెలా బీపీ, షుగర్ చూసి పుస్తకంలో రాసి పంపుతున్నారు కదా, ఒక్కసారైనా ‘చెప్పులు విప్పమ్మా, కాళ్లు చూద్దాం’ అన్నవాళ్లు లేరేం సార్? స్పర్శ ఉందో లేదో చూడటానికి పది గ్రాముల ఒత్తిడితో వంగే నైలాన్ దారం ముక్క చాలట. అదేమన్నా స్కానింగ్ మిషనా?

ఇక అసలు గోస కట్టుది. షుగర్ పుండు ఒకరోజు కట్టు కడితే మానేది కాదని మీకు నేను చెప్పాలా? చచ్చిన కండ గీకాలి, చీము తీయాలి, కడగాలి, కొత్త గాజుగుడ్డ పెట్టాలి, మళ్లీ రెండు రోజులకు విప్పి చూడాలి. మా ఊరి దగ్గరి దవాఖానలో గాజుగుడ్డ ఉంటే బెటాడిన్ ఉండదు, రెండూ ఉంటే సిస్టరమ్మ మీటింగులో ఉంటుంది. ఆమెను ఒక్క మాట అనను. టీకాలకు ఆమే, బీపీలకు ఆమే, ఆన్‌లైన్ ఎంట్రీలకూ ఆమే. ‘అన్నా, బయట కొనుక్కొస్తే నేనే కడతా’ అంటుంది పాపం. కొనుక్కొస్తే కట్టింది కూడా. ఆదివారం, పండగ రోజు మాత్రం లేదు. పుండుకు సెలవులు ఉండవు కదా సార్. ఆ రోజుల్లో మా ఆవిడే విప్పుతుంది. గుడ్డ కండకు అతుక్కుపోయి ఉంటుంది, ఉప్పునీళ్లతో నానబెట్టి నానబెట్టి ఊడదీస్తుంది. అమ్మకు నొప్పి తెలియదు, చూసేవాళ్లకే కడుపులో దేవుతుంది. వాసనకు పక్కింటివాళ్లు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేవాళ్లు.

మధ్యలో ఎవరో చెప్పారని ఆకు పసరు పోశారు. ఆర్‌ఎంపీ సూదులు వేశాడు. తప్పెవరిదంటే ఏం చెప్పను, గాజుగుడ్డ దొరికిన ఇంట్లో పసరు ఎందుకు పోస్తారు?

షుగర్ సంగతి చెబుతాను. పుండులో చీము ఉంటే షుగర్ దిగదు, షుగర్ దిగకపోతే పుండు మానదు అని డాక్టరు స్పష్టంగా చెప్పారు. కాబట్టి రోజూ చూసుకుంటూ ఇన్సులిన్ మోతాదు సరిచేయించుకోవాలి. మా ఊరి దగ్గరి దవాఖానలో షుగర్ చూసే గ్లూకోమీటర్ ఉంది, అందులో పెట్టే స్ట్రిప్పులు లేవు. ‘ఇండెంట్ పెట్టాం, పైనుంచి రావాలి’ అంటారు. మూడు నెలల సగటు చూసే హెచ్‌బీఏ1సీ పరీక్షకు ప్రైవేటు ల్యాబే గతి. ఇన్సులిన్ సీసా చల్లగా ఉంచాలట. మాకు ఫ్రిజ్ లేదు. నల్లగొండ ఎండలు మీకు తెలియనివి కావు. తడిగుడ్డ చుట్టి కుండ పక్కన పెట్టుకుంటున్నాం.

చివరికి పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. అమ్మకు బస్సు ఫ్రీ, తోడు పోయే నాకు టికెట్టు, ఆ రోజు కూలీ పాయె. అక్కడ రెండు వేళ్లు తీసేశారు. ఆరోగ్యశ్రీ కార్డు కింద పైసా తీసుకోలేదు, చాలా సంతోషం. పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలు చేశారు, దానికీ సంతోషమే. కానీ వేళ్లు తీశాక ఇంటికి పంపి, ‘రోజు విడిచి రోజు డ్రెస్సింగ్ చేయించుకోండి’ అన్నారు. ఎక్కడ? ఎవరితో? ఎవరి డబ్బుతో? కాలు కోయడానికి సర్కారు దగ్గర డబ్బుంది గానీ, కోయకుండా కాపాడటానికి పది రూపాయల గాజుగుడ్డకు లేదా సార్?

రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. మంచిదే, అన్నం తెల్లగా అవుతోంది. డాక్టరేమో అన్నం తగ్గించి జొన్న రొట్టె తినమంటాడు. జొన్నలు మాత్రం కొనుక్కోవాలి. ఇదొక వైభోగం.

ఇంకొక సంగతి. కుష్ఠు రోగులకు స్పర్శ లేని పాదాల కోసం మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు సర్కారే ఉచితంగా ఇస్తుంది. షుగర్‌తో మొద్దుబారిన పాదానికీ కావలసింది అలాంటి చెప్పులే. అడుగు వేసినప్పుడల్లా బరువంతా పుండు మీద పడితే ఎన్ని కట్లు కట్టినా ఏం లాభం? ఆ చెప్పులు మాకూ ఇప్పించండి అని అర్జీలో రాస్తే, ‘షుగర్ ఆ ప్రోగ్రాంలో రాదు’ అన్నారు ఒక సారు. పాదానికి ప్రోగ్రాం తెలుస్తుందా?

మా ఊళ్లోనే కాలు కుంటుతూ తిరిగేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల కోసమూ అడుగుతున్నా. స్ట్రిప్పులు పంపండి. గాజుగుడ్డ పంపండి. షుగర్ మందులిచ్చే రోజున కాళ్లు కూడా చూడమనండి. చెప్పులు ఇప్పించండి. ఆదివారం కట్టు కట్టేందుకు ఒకరిని పెట్టండి. ఇన్ని కుదరవంటే గాజుగుడ్డ, స్ట్రిప్పులైనా పంపండి సార్, దండం పెడతా. నాట్లు మొదలైతే మావాళ్లు బురదలో దిగకా తప్పదు, తర్వాత పత్తి ఏరకా తప్పదు. ఏం చేసినా ఆలోపే చేయించండి.

ఇట్లు,
దేవరకొండ డివిజన్ నుంచి ఒక షుగర్ పేషెంట్ కొడుకు