ఖాళీ చేసే రోజు మీటరు ఎవరు చూడాలి?

సంపాదకులకు,

అయ్యా,

బెంగళూరులో అద్దె ఇల్లు ఖాళీ చేస్తే పెయింటింగు పేరిట అడ్వాన్సులో ఒక నెల అద్దె కోసుకోవడం అందరికీ అలవాటైపోయింది. దాని వెనకే ఇప్పుడు 'చివరి కరెంటు బిల్లు' అని మరికొంత పోతోంది. నెలనెలా సున్నా బిల్లు చూసిన కుటుంబం, తాళాలిచ్చాక వచ్చిన బిల్లు చూసి మీటరు పరుగెత్తిందనుకుంటుంది. మీటరు తప్పు కావడం తక్కువే. తేడా ఎక్కువగా తేదీల్లో ఉంటుంది.

రీడింగుకు వచ్చే మనిషి తన వంతు తేదీన వస్తాడు, మనం మాత్రం నెలాఖరున ఇల్లు వదులుతాం. 8న రీడింగు తీసే వీధిలో 30న ఖాళీ చేస్తే, ఆ తర్వాతి ఎనిమిది రోజుల్లో పెయింటర్లు, వడ్రంగి, కొత్తగా దిగినవాళ్ళ గీజరు, ఏసీ అన్నీ మన బిల్లులోనే చేరతాయి. కర్ణాటక ప్రభుత్వ ఉచిత విద్యుత్ పథకం గృహజ్యోతి ఉన్న ఇంట్లో దీని దెబ్బ మరీ గట్టిది. 2022-23లో ఆ ఇంటి నెలసరి సగటు వాడకానికి పది శాతం కలిపిన మేరకు సాధారణంగా ఉచితం. అది దాటి 200 యూనిట్ల లోపు ఉంటే పైన వాడినదానికే కట్టాలి. 200 దాటితే మొత్తం బిల్లూ మనదే. 30వ తేదీకి 150 యూనిట్లు వాడి వెళ్ళిపోయాక, తర్వాతి వాళ్ళు 51 వాడితే లెక్క 201కి చేరుతుంది. 2025-26 టారిఫ్ ప్రకారం యూనిట్‌కు రూ.5.80, పెన్షన్-గ్రాచ్యుటీ సర్‌ఛార్జి 36 పైసలు, లోడు కిలోవాట్‌కు రూ.145 చొప్పున ఫిక్స్‌డ్ ఛార్జి, విద్యుత్ ఛార్జి మీద 9 శాతం పన్ను. మూడు కిలోవాట్ల ఇంటికి, ఇంధన సర్దుబాటు కాకుండానే, ఇదంతా దాదాపు రూ.1,780. అంతకు ముందు నెల సున్నా!

సామాన్లు సర్దే హడావుడిలో ఇంటికి తాళం ఉండి రీడింగు పడకపోతే ఇంకో చిక్కు. ఆ నెల సగటు వేస్తారు, మరుసటి నెల అసలు రీడింగు దొరికాక తేడా అంతా ఒకేచోట పడుతుంది. బిల్లు మీద 'డోర్ లాక్' సూచన ఉందేమో చూసి, ఆ యూనిట్లను రెండు నెలలకూ పంచి లెక్క కట్టమని రాసివ్వాలి. మీటరు అందుబాటులో లేక వరుసగా రెండుసార్లు రీడింగు తప్పితే, తేదీతో ఫొటో తీసి పంపే వీలు కేంద్ర ప్రభుత్వ విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు, 2020 కల్పించాయి.

బిల్లులో యూనిట్లతో సంబంధం లేని వరుసలు కూడా చూడాలి. అదనపు సెక్యూరిటీ డిపాజిట్ అన్నది ఖాతాదారు పేరిట జమయ్యే సొమ్ము, దానికి వడ్డీ కూడా ఆయనకే వస్తుంది. అద్దెకున్నవాళ్ళ దగ్గర దాన్ని వసూలు చేయడంలో న్యాయం లేదు. పాత బాకీ కనిపిస్తే అది ఏ నెలదో అడగండి.

ఇవన్నీ సరిగ్గానే ఉండి యూనిట్లే ఎక్కువనిపిస్తే, తాళాలివ్వక ముందే రెండు పరీక్షలు చేసుకోవచ్చు. ఇంటి మెయిన్ స్విచ్ ఆపి మీటరు మీది ఎర్ర దీపం చూడండి. అప్పుడూ అది ఆగి ఆగి వెలుగుతుంటే మెట్ల లైటో, నీళ్ళ మోటారో మన మీటరుకు కలిపి ఉండవచ్చు. పాత ఇళ్ళను పోర్షన్లుగా విడగొట్టినచోట ఇలా జరుగుతుంది. రెండోది, మిగతావన్నీ ఆపి రెండు వేల వాట్ల గీజరు ఒక్కటే వేయాలి. మీటరు మీద యూనిట్‌కు 3200 పల్సులని రాసి ఉంటే దీపం నిమిషానికి సుమారు 107 సార్లు, 1600 అయితే 53 సార్లు వెలగాలి. వోల్టేజీ తక్కువగా ఉంటే కాస్త తగ్గుతుంది. 3200 పల్సుల మీటరులో 130 దాటితే మీటరు పరీక్ష కోరడం సమంజసం.

అసలు మందు మాత్రం ముందే ఉంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఏడు పనిదినాల ముందు రాతపూర్వకంగా కోరితే ప్రత్యేక రీడింగు తీసి, ఖాళీ చేయడానికి మూడు రోజుల ముందే తుది బిల్లు ఇవ్వాలని పైన చెప్పిన 2020 కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. ఆ బిల్లు ఇచ్చాక అంతకు ముందు కాలానికి మరే సొమ్మూ అడగకూడదు. చిక్కల్లా ఆర్.ఆర్. నంబరు, అంటే కరెంటు కనెక్షన్ ఖాతా నంబరు, ఓనరు పేరిట ఉండటమే. 'ఆయన్నే రమ్మనండి' అన్న మాట దగ్గర దరఖాస్తు ఆగిపోతుంది. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 2(15) మాత్రం తన వాడకానికి విద్యుత్తు పొందే వ్యక్తినీ వినియోగదారుడిగానే నిర్వచించింది. అద్దె ఒప్పందం జతచేసి, ఆ సెక్షన్ ఉటంకిస్తూ సబ్‌డివిజన్ అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. తాళాలిచ్చే రోజు మీటరు నంబరు, కేడబ్ల్యూహెచ్ (యూనిట్ల) అంకె రెండూ కనిపించేలా వీడియో తీసి ఓనరుకు అప్పుడే వాట్సాప్ చేయండి. తెరమీద అంకెలు మారుతుంటాయి గనక ఒక్క ఫొటోలో వోల్టేజీయో మరొకటో పడే అవకాశం ఉంది. గృహజ్యోతి డీలింక్, అంటే పాత ఇంటి ఖాతా నుంచి మన ఆధార్‌ను విడదీయడం, తుది బిల్లు చేతికొచ్చాకే చేయడం మంచిది. అయితే మరిచిపోకూడదు, కొత్త ఇంటికి అదే ఆధార్ కావాలి.

బిల్లు వచ్చేశాక అయితే విద్యుత్ సహాయవాణి 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుని, అదే విషయం కాగితం మీద ఇవ్వండి. వివాదం తేలేదాకా కరెంటు తీయకుండా ఉండాలంటే విద్యుత్ చట్టం సెక్షన్ 56(1) ప్రకారం అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు లెక్కన వచ్చేది గానీ, ఏది తక్కువైతే అది 'అభ్యంతరంతో' అని రాసి కట్టవచ్చు. ఓనర్లకు కూడా ఇది పనికొచ్చే సంగతే. విద్యుత్ కార్యాలయంలో ఫిర్యాదు తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ ఆంబుడ్స్‌మన్ ఉన్నారు.

గృహజ్యోతి నమోదుకు అద్దెవారి ఆధార్ తీసుకున్న ప్రభుత్వానికి, ఆ ఇంట్లో ఎవరుంటున్నారో తెలియదని చెప్పే వీలు లేదు. రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ సేవల పోర్టల్ సేవాసింధులో డీలింక్ ఉన్నచోటే ప్రత్యేక రీడింగు దరఖాస్తు కూడా పెట్టి, ఆ ఆధార్‌తోనే స్వీకరించాలని బెంగళూరు విద్యుత్ పంపిణీ సంస్థ బెస్కాంను, కర్ణాటక విద్యుత్ నియంత్రణ కమిషన్‌ను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యుత్ కాంట్రాక్టరు,
మారతహళ్ళి, బెంగళూరు