మునసబు చచ్చిపోయాడు, అర్జీ ‘పరిష్కారం’ అయింది

గౌరవనీయులైన పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

దివిసీమ నుంచి ఒక రైతు నమస్కరించి రాసుకుంటున్నది.

అయ్యా, ఇది నేను రాస్తున్న నాలుగో కాగితం. మొదటి మూడూ సోమవారం గ్రీవెన్సులో ఇచ్చాను, రసీదులు భద్రంగా ఉన్నాయి. మూడింటికీ జవాబు వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. ఆ ముచ్చట తర్వాత చెప్తాను. ముందు మునసబు సంగతి వినండి.

మునసబు మా కుక్క. జాతి కుక్కేం కాదు, పదకొండేళ్ళ కిందట కాలవగట్టు మీద దొరికిన పిల్ల. పొద్దున్నే అరుగెక్కి కూర్చుని ఎవరు ఏ వేళకి ఎటు పోతున్నారో చూసేవాడు. కొత్త మనిషి వస్తే వీధి చివరిదాకా వెంట నడిచి, పంపించి వచ్చేవాడు. అందుకే మా నాన్న ఆ పేరు పెట్టాడు. ఎన్టీఆర్ 1984లో మునసబులనీ కరణాలనీ తీసేశాడు గానీ మన అరుగు మీద ఒకడు మిగిలిపోయాడ్రా అని నవ్వేవాడు. వాడికి ఎడమ చెవి ఎప్పుడూ వాలే ఉండేది. పెరుగన్నంలో ఉప్పు పడితే గిన్నెని ముక్కుతో తోసేసేవాడు. నాన్న పోయినప్పుడు దినవారాలు అయ్యేదాకా ఆ మంచం కిందనుంచి కదల్లేదు.

మొన్న ఊడ్పుల రోజుల్లో ఒక రాత్రి, ఎనిమిదిన్నర వేళ. కరెంటు లేదు. అమ్మ సెల్లు లైటు వేసుకుని గేదెకి గడ్డి లాగడానికి వామి దగ్గరికి వెళ్ళింది. వీడు ముందే వెళ్ళి ఒకటే అరుపు. ‘ఏంట్రా నీ గోల’ అని విసుక్కుంటూ అమ్మ గడ్డిలో చెయ్యి పెట్టబోయింది. వాడు అడ్డం దూకాడు. రక్తపింజర. అమ్మ చేతికి పడాల్సిన కాటు వాడి మూతి మీద పడింది.

పావుగంటలో మొహం కుండలా వాచిపోయింది. కన్ను మూసుకుపోయింది. చిగుళ్ళ వెంట నెత్తురు సన్నగా కారుతూనే ఉంది, గుడ్డతో తుడిస్తే మళ్ళీ కారుతోంది, గడ్డ కట్టట్లేదు. అరవలేదండీ. అమ్మ కొంగు మీద మూతి పెట్టి పడుకున్నాడు.

ఆటోలో మండలం పశువైద్యశాలకి తీసుకెళ్ళాను. తాళం. అటెండరు నంబరు ఎవరో ఇస్తే ఫోన్ చేశాను. పాపం ఎత్తాడు. ‘మాకు రెగ్యులర్ డాక్టరు గారు లేరండీ, ఇన్‌చార్జి. రేపు పదింటికి తీసుకురండి’ అన్నాడు. పాముకాటు మందు ఉందా అని అడిగాను. ‘పశువులకి అది రాదండీ’ అన్నాడు. పాము పదింటిదాకా ఆగదని అతనికి నేనేం చెప్పను?

అక్కణ్ణుంచి మనుషుల ఆసుపత్రికి వెళ్ళాను. మందు ఉంది. నర్సమ్మ కన్నీళ్ళు పెట్టుకుంది గానీ ఇవ్వలేనంది. ఆవిణ్ణి నేను తప్పు పట్టను. ఆ రాత్రి ఏ కూలీ మనిషికి అవసరం పడుతుందో ఎవరికి తెలుసు? నా బాధ వేరు. ఆ మందు గుర్రం నెత్తురులోంచి తీస్తారు. పొడిగా వస్తుంది, ఫ్రిజ్ లేకపోయినా నిలవుంటుంది. అదే మందు కుక్కకీ పనిచేస్తుంది, గేదెకీ పనిచేస్తుంది. గుర్రం ఇచ్చిన మందు పశువుల ఆసుపత్రి గడప మాత్రం తొక్కదు!

బెజవాడలో రాత్రిళ్ళు చూసే ప్రైవేటు డాక్టరు ఉన్నాడంటే కరకట్ట మీదుగా బయల్దేరాం. సగం దారి కూడా కాలేదు. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా కళ్ళు తెరిచి చూసేవాడు, ఒకసారి తెరవలేదు. డ్రైవరు బండి ఆపి, దిగి, అవతలికి తిరిగి నిలబడ్డాడు.

పాము సంగతి దివిసీమ వాళ్ళకి కొత్తగా చెప్పాలా? 2018లో వరసగా జనాన్ని కరుస్తుంటే మోపిదేవిలో సర్ప శాంతి యాగం చేశారు. నేనూ వెళ్ళి ప్రసాదం తిన్నాను, వెటకారం చెయ్యను. కానీ యాగానికి దొరికిన ముహూర్తం మందు సీసాలకి ఇన్నేళ్ళయినా దొరకలేదా అయ్యా? కేంద్రం వాళ్ళు 2024లో పాముకాటు మీద జాతీయ ప్రణాళిక తెచ్చి, 2030 కల్లా చావులు సగానికి తగ్గిస్తామన్నారు. దాంట్లో పశువుల వైద్యం మాట కూడా ఉంది. ఆ కాగితం మీ టేబుల్ దాకా వచ్చే ఉంటుంది. మా మండలం దాకానే రాలేదు. మా పక్క చేలో ఆయన పాడిగేదె కూడా ఇలాగే పోయింది, దాన్నీ నా రెండో అర్జీలో రాశాను.

ఇప్పుడు జవాబుల ముచ్చట. మొదటి అర్జీలో ‘కుక్క’ అనే మాట చూసి, చదవకుండానే కుక్కల బెడద కింద పంచాయతీకి పంపేశారు. వీధికుక్కల మీద సుప్రీంకోర్టు గొడవ తర్వాత కుక్క అంటే చాలు అందరికీ అదే గుర్తొస్తోంది లెండి. ఒకాయన బండేసుకుని మా ఇంటికొచ్చి ‘ఎక్కడండీ ఆ కుక్క, పట్టుకెళ్ళాలా?’ అని అడిగాడు. అమ్మ పెరట్లో కొబ్బరిచెట్టు కింద మట్టి చూపించింది. ఆయన టోపీ తీసి, మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయాడు. రెండోదానికి ‘సంబంధిత శాఖకు పంపబడింది’ అని మెసేజ్. మూడోదానికి ‘మీ సమస్య పరిష్కరించబడింది’. ఎలా పరిష్కరించారో, ఎవరు పరిష్కరించారో రాయలేదు. పింజర తప్ప ఇంకెవరూ పరిష్కరించలేదు సార్.

పది సీసాలు అడుగుతున్నాను. పోనీ అయిదు పెట్టించండి. డాక్టరు గారు మూడు ఊళ్ళు తిరగాల్సొస్తే కనీసం రాత్రిపూట ఫోన్ ఎత్తి ‘ఇలా చెయ్యి నాయనా’ అని చెప్పే మనిషినైనా పెట్టండి. వానాకాలం ఇంకా అయిపోలేదు. వామి దగ్గరికి అమ్మ రోజూ వెళ్తూనే ఉంది, ఇప్పుడు ముందు నడిచేవాడు లేడు.

ఇవేవీ మీ వల్ల కాకపోతే ఒక్క పని చేయించండి. ఆన్‌లైన్లో నా అర్జీ పక్కన ‘పరిష్కరించబడింది’ అని ఆకుపచ్చ అక్షరాల్లో ఉంది. అది తీయించండి.

ఇట్లు,
మునసబు ఇంటి మనిషి