రక్తం తీయడం వచ్చు, రిపోర్టు చదవడం రాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ స్పోర్ట్స్ పేజీలో, ఈత పోటీలకెళ్లే పిల్లలకు రక్తపరీక్షలు చేయించి ఫిట్‌నెస్ లెక్కగడుతున్నారని తెగ మెచ్చుకున్నారు. ఆ బిల్లు కట్టేవాళ్లలో నేనూ ఒకణ్ని కాబట్టి రాస్తున్నాను.

మా అమ్మాయికి 13 ఏళ్లు. అకాడమీలో నెలనెలా రక్తం తీస్తారు. ఎప్పుడు? శనివారం ఒళ్లు హూనమయ్యేలా ఈదించి, ఆదివారం పొద్దున. పిల్ల మోచేతి దగ్గర దూది అదుముకుని రెండో చేత్తో ఇడ్లీ తింది. సాయంత్రానికి ఫోన్‌లో రిపోర్టు: క్రియేటిన్ కైనేజ్ (కండరాలు అలిసి దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 412, పక్కన ఎర్ర గుర్తు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. గట్టి ప్రాక్టీస్ చేసిన మర్నాడు అది పెరగడం మామూలేనని, మనిషి మనిషికీ తేడా ఉంటుందని, ఆ పిల్ల పాత అంకెలతో పోల్చాలి గానీ ల్యాబ్ వాళ్లు అచ్చేసిన హద్దుతో కాదని మా పిల్లల డాక్టరు చెప్పేదాకా టెన్షనే. పాత రిపోర్టులేవని కోచ్‌ని అడిగితే వాట్సాప్ గ్రూప్‌లో వెతుక్కోమన్నారు!

ఆ నెలనెలా పరీక్షల 3,200 రూపాయల ప్యాకేజీలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ ఉంది, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పే ఫెరిటిన్ లేదు. నెలసరి మొదలైన ఆడపిల్లలు, అందులోనూ రెండు పూటలా ఈదేవాళ్లు... ఒంట్లో ఐరన్ నిల్వ ముందు పడిపోతుంది, హిమోగ్లోబిన్ ఆ తర్వాతే తగ్గుతుంది. మా అమ్మాయికి హిమోగ్లోబిన్ 12.1, అంటే నార్మల్. డాక్టరు విడిగా చేయిస్తే ఫెరిటిన్ 9. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 15 కంటే తక్కువైతే ఐరన్ లోపమే. 200 ఫ్రీస్టైల్‌లో చివరి 50 మీటర్లు లాగలేకపోతుంటే మూడు నెలలుగా దాన్ని బద్ధకం అని తిట్టారు.

చెవి తమ్మె మీద సూదిపోటుతో లాక్టేట్ (గట్టిగా ఈదితే కండరాల నుంచి రక్తంలో చేరే పదార్థం) చూసే మిషన్ కూడా అకాడమీ వాళ్లు కొన్నారు. స్ట్రిప్స్ అయిపోయాయట. ఫొటో మాత్రం బ్రోచర్‌లో ఉంది.

2003లో ఆఫ్రో-ఏషియన్ గేమ్స్ జరిపిన ఊరు మనది. పిల్లల రక్తం ఎవరు తీస్తున్నారు, ఆ రిపోర్టులు ఎవరి దగ్గరుంటున్నాయి అని మా అకాడమీకి వచ్చి అడిగిన అధికారిని ఇంతవరకూ చూడలేదు. మెడల్ వస్తే శాలువా పట్టుకుని మాత్రం వస్తారు. పూల్ నీళ్లలో క్లోరిన్ ఎంతుందో బోర్డు మీద రాయించండి అంటేనే దిక్కు లేదు, ఇక రక్తం సంగతి ఎవరికి కావాలి.

వచ్చే ఆదివారం మళ్లీ శాంపిల్ అని నిన్న మెసేజ్ వచ్చింది. ఫెరిటిన్ కలుపుతారా అని అడిగాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

— ఓ స్విమ్మర్ తండ్రి, కూకట్‌పల్లి, హైదరాబాద్