పాత సైనిక తుపాకులను తుక్కులో కలపకండి

సంపాదకుల వారికి,

ఎన్నికల కోడ్ అమల్లోకి వచ్చిన ప్రతిసారీ లైసెన్సు తుపాకులను స్టేషన్లలో జమ చేయాలని పోలీసుల ప్రకటన వస్తుంది, మీ పత్రికలోనూ అచ్చవుతుంది. శాంతిభద్రతల దృష్ట్యా అది సబబే. నేను రాస్తున్నది ఆ ప్రకటన తమకు వర్తిస్తుందో లేదో యజమానులకే తెలియని తుపాకుల గురించి. పాతబస్తీ దేవిడీలలో (పాత నవాబుల భవంతుల్లో), మలక్‌పేట, బొల్లారం, తిరుమలగిరి వైపు పాత ఇళ్లలో, అటకల మీదా ట్రంకుపెట్టెల అడుగునా నూరేళ్లు దాటిన సైనిక తుపాకులు ఇంకా ఉన్నాయి. కొన్నింటికి తాతల పేరిట లైసెన్సు ఉంది. కొన్నింటికి ఏ కాగితమూ లేదు. ఇంట్లో ఉంచుకోవాలంటే భయం, అప్పగించాలంటే అంతకన్నా భయం.

ఈ ఊళ్లో అవి ఉండటంలో వింతేమీ లేదు. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1795 ప్రాంతంలో ఫిరంగులు పోత పోయించిన తోప్ కా సాంచాయే ఇప్పటి గన్‌ఫౌండ్రీ. (ఆ పేరును రోజూ పలికేవాళ్లలో ఆ కట్టడం ఎక్కడుందో చూపించగలవాళ్లు ఎందరో నాకు అనుమానమే.) 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు, అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లిషువాళ్లు అతని దళం చేతిలోని ఆయుధాలు లాక్కున్నారు. ఆ తరవాత సికింద్రాబాద్ కంటోన్మెంటు, నిజాం ఖర్చుతో ఇంగ్లిషు అధికారుల కింద 1903లో ఇండియా సైన్యంలో కలిసిపోయేదాకా నడిచిన హైదరాబాద్ కంటింజెంటు, పైగా వంశపు నవాబుల సొంత బలగాలు, బార్కస్‌లో కాపురాలు పెట్టిన అరబ్బు సిపాయిలు, సంస్థానాల కాపలాదార్లు. ఒక్క రాజ్యంలో ఇన్ని రకాల సాయుధులు! 1948 సెప్టెంబరు పోలీసు చర్యతో నిజాం బలగాలు చెదిరిపోయాయి. వాళ్ల తుపాకులలో కొన్ని జప్తయ్యాయని, కొన్నింటిని రాత్రికి రాత్రి బావుల్లో పడేశారని, కొన్ని అటకెక్కాయని మా పెద్దవాళ్లు చెప్పేవారు.

మ్యూజియాల్లో లేవా అంటారేమో. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ ఉంది, చౌమహల్లాలో ఉంది, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలోనూ ఉంది. కానీ ప్రభువుల ఆయుధానికి ఉన్న భాగ్యం సిపాయి ఆయుధానికి లేదు. నూర్జహాను పండ్లు కోసుకున్న కత్తిని అద్దాల వెనక భద్రంగా చూపిస్తాం. నెలజీతానికి ఎండలో నిలబడిన సిపాయి మోసిన తుపాకి మాత్రం ఎవరికీ పట్టదు.

చట్టం సంగతికి వస్తాను, చిక్కంతా అక్కడే ఉంది. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాతకాలపు నమూనాకు చెందినదో, పురావస్తు విలువ గలదో, చెడిపోయినదో అయిన ఆయుధం, బాగుచేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరానిదైతే, దానికి ఈ చట్టం వర్తించదు. వినడానికి బాగానే ఉంది. కానీ పనికిరాదని తేల్చేదెవరు? మంచి కమ్మరి చేతిలో పడితే బాగుపడని ఇనుము ఉంటుందా? మన చట్టంలో ఫలానా సంవత్సరం అనే గీత కూడా లేదు. అమెరికాలో 1898, అంతకుముందు తయారైనవి పురాతనమైనవని 1968 చట్టమే చెప్పింది. బ్రిటన్ 2021లో నిబంధనలు తెచ్చి, 1939 సెప్టెంబరుకు ముందు తయారై ఉండాలని, వాడే తూటా అయినా, పేలే పద్ధతి అయినా కాలం చెల్లినదై ఉండాలని స్పష్టం చేసింది. ఇక్కడ మాత్రం ఎవరి అదృష్టం వారిది. పైగా 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువును ఎవరూ సొంతంగా దేశం దాటించకూడదు. అంటే అదే తుపాకి ఒక చట్టం దృష్టిలో జాతి సంపద, ఇంకో చట్టం దృష్టిలో జైలుకు పంపగల సాక్ష్యం.

ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ఈ చిక్కును ఇంకా బిగించింది. లైసెన్సుదారు మూడు దాకా ఉంచుకోగలిగిన తుపాకులు రెండుకు తగ్గాయి. వారసత్వంగా వచ్చినా రెండే. అదనంగా ఉన్నదాన్ని ఏడాదిలోగా జమ చేయాలన్నారు. నాకు బాగా తెలిసిన ఒక కుటుంబానికి మూడుండేవి. పన్నెండు బోరు డబుల్ బ్యారెల్, ఒక పాయింట్ టూటూ రైఫిల్, వాళ్ల ముత్తాత కంటింజెంటు నుంచి తెచ్చుకున్న టోపీ తుపాకి (సుత్తి కింద చిన్న మందు టోపీ పెట్టి పేల్చే పాతరకం). ఏది వదులుకుంటారు? పేలనిదాన్నే వదులుకున్నారు. స్టేషనులో ఇచ్చిన రసీదు చూపించారు. “పాత నాటు తుపాకి - 1” అని ఉంది. అంతే. తయారైన ఏడాది లేదు, ముద్రల వివరం లేదు, ఫోటో లేదు. రేపు ఎవరైనా వెళ్లి అడిగితే గుర్తుపట్టే దారి ఏముంది? రాసిన కానిస్టేబులును తప్పుపట్టను, అతనికి ఆ పని నేర్పినవాళ్లు లేరు.

ఆ తుపాకిని జమ చేయకముందు నేను చూశాను. నాటుది కాదు. సుత్తి బిగించిన ఇనుప పలక మీద కిరీటం ముద్ర ఉంది. గొట్టం మూతిలోకి చిన్న టార్చి వేసి చూస్తే లోపల నున్నగా ఉంది, తూటాను గిర్రున తిప్పి గురి తప్పకుండా పంపే మర గాడులు ఒక్కటీ లేవు. బయటినుంచి చూస్తే అచ్చం ఎన్‌ఫీల్డ్ రైఫిలే, లోపల మాత్రం రైఫిలు కాదు. 1857 తిరుగుబాటు తరవాత దేశీ సిపాయిల చేతికి గురి తప్పని ఆయుధం ఇవ్వడానికి దొరలు జంకారు. గాడులు లేని గొట్టాలతో, కొంచెం పెద్ద బోరుతో, విడిగా తుపాకులు చేయించి పంచిపెట్టారు. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ ఆ ఏడాది జులైలో కోఠీ రెసిడెన్సీ మీదికి దండెత్తిన సంగతి పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటాం. ఆ దెబ్బకు తెల్లవాడు ఎంత భయపడ్డాడో ఈ నున్నటి గొట్టం చూపిస్తుంది. ఇలాంటివాటినే నాటు తుపాకులని రాసి మూల పడేస్తున్నాం.

ఈలోగా పాతసామాన్ల అంగళ్లలో నకిలీల వ్యాపారం దర్జాగా సాగుతోంది. కర్రకు నల్లరంగు పూసి, ఇత్తడి పలక మీద ఈస్టిండియా కంపెనీ అని చెక్కి, డ్రాయింగు రూముల్లోకి అమ్ముతున్నారు. అసలు కంపెనీ తుపాకి పలక మీద ముందుకాళ్లతో కిరీటం పట్టుకుని నిలబడిన సింహం ఉంటుంది. నేను చూసిన నకిలీల మీది సింహం కుక్కపిల్లలా ఉంది, మరచీలల తలలు నిన్నటి హార్డ్‌వేర్ దుకాణంలోవి. నిజమైనది దాచుకునేవాడు వణుకుతున్నాడు, దొంగది అమ్మేవాడు రసీదు ఇస్తున్నాడు.

భద్రత మాటేమిటని అడిగేవాళ్లతో నాకు పేచీ లేదు. మూతినుంచి మందు కూరే భర్మారు తుపాకి ఈనాటికీ మనిషిని చంపుతుంది. అడవిపందుల వేట పేరుతో వాటిని వాడేవాళ్లున్నారు, పెళ్లి బరాత్‌లో గాలిలోకి పేల్చే ప్రబుద్ధులున్నారు. కాబట్టి పాతదైతే చాలు వదిలేయండని నేననను. పాయింట్ త్రీనాట్‌త్రీ వంటివి ఎంత పాతవైనా వాటి తూటాలు ఇంకా దొరుకుతాయి, అవి కఠినమైన లైసెన్సు కిందే ఉండాలి. పందొమ్మిదో శతాబ్దపు సైనిక తుపాకులైన స్నైడరు, మార్టినీ హెన్రీల సంగతి వేరు. వాటి తూటా మన బజారులో దొరకదు. వత్తితో, చకుముకితో పేలే తుపాకుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇవన్నీ ఒకే గంపలో వేయడం వల్లే పోలీసులకూ తలనొప్పి, యజమానులకూ తలనొప్పి.

చట్టం కేంద్రానిది, మార్చడం మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది మాత్రం తక్కువేమీ కాదు. రెడ్ హిల్స్‌లో ఫోరెన్సిక్ ల్యాబొరేటరీ ఉంది, అందులో తుపాకులు పరీక్షించే విభాగం ఉంది. అక్కడికి కూతవేటు దూరంలో పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర మ్యూజియం ఉంది. ఈ రెండింటి నిపుణులూ, పోలీసు ఆయుధాగారం నుంచి తుపాకులు బాగుచేసే ఒక ఆర్మరరూ నెలకొకసారి కూర్చుని, జనం తెచ్చిన పాత తుపాకిని పరీక్షించి, 45వ సెక్షన్ కిందికి వస్తుందో రాదో రాతపూర్వకంగా చెబితే సగం భయం పోతుంది. తెచ్చినవాడి మీద ఆ కారణంగానే కేసు పెట్టబోమన్న హామీ, చట్టం అనుమతించిన మేరకు, ఒక గడువు పెట్టి ఇవ్వాలి. ఆ హామీ లేకపోతే ఎవరూ గడప దాటరు. మినహాయింపు దొరకనిదాన్ని స్టేషనులో మూల పడేయకుండా యజమాని పేరు రాసి మ్యూజియానికి అప్పగించే ఏర్పాటు ఉండాలి. పనికిరాకుండా చేయాలన్న పేరుతో గొట్టానికి కనబడినచోటల్లా వెల్డింగు పెట్టించడం మాత్రం వద్దు. ముద్రలు కరిగిపోయాక మిగిలేది ఇనుప కడ్డీయే.

అన్నిటికన్నా ముందు పోలీసు కమిషనర్లు ఒక ఉత్తర్వు ఇవ్వాలి. జమ అయిన, జప్తయిన, వారసులు రాని తుపాకులను ధ్వంసం చేసేముందు ప్రతిదాని లాక్ ప్లేటు (సుత్తి బిగించిన పలక), గొట్టం మీది ముద్రల ఫోటోలు పురావస్తు శాఖకు పంపి, వాళ్ల జవాబు వచ్చాకే ముందుకు సాగాలి. 2019 సవరణ తరవాత మన కమిషనరేట్లలో జమ అయినవాటిలో పాతవి ఎన్ని, ఇప్పుడు ఎక్కడున్నాయి అన్నది రెండు శాఖలనూ అడిగి, వాళ్ల వివరణను మీ పత్రికలో ప్రచురించగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
మలక్‌పేట, హైదరాబాద్